డ్రాఫ్ట్ దొరవారి సముఖమునకు

మేజర్ లీగ్ బేస్‌బాల్ డ్రాఫ్ట్ గారూ,

1965లో కాన్సస్ సిటీ అథ్లెటిక్స్ జట్టు రిక్ మండే అనే కుర్రాడి పేరు మొట్టమొదటగా చదివిన నాటి నుంచీ అమెరికా బేస్‌బాల్ జట్లు కొత్త కుర్రాళ్లను వంతులవారీగా ఎంచుకునే తంతుగా తమరు ఏటేటా కుర్రాళ్ల నుదుట రాతలు రాస్తూనే ఉన్నారు. బ్రహ్మదేవుడికి లేని సదుపాయం తమరికుంది: రాసింది నచ్చకపోతే ఎమ్మారై తీయించి కొట్టేయొచ్చు.

మావాళ్లకు తమరి పద్ధతి చెప్పాలంటే ఎంసెట్ కౌన్సెలింగ్‌ను తలకిందులు చేయాలి. అక్కడ పిల్లాడు కాలేజీల పేర్లు వరసగా పెట్టుకుంటాడు. తమరి దగ్గర కాలేజీలే, అంటే జట్లే, పిల్లాణ్ణి పట్టుకుపోతాయి. కుదరదంటే ఇంకో జట్టుతో బేరమాడే వీల్లేదు. మళ్లీ తమరి గుమ్మం దగ్గర నిలబడాల్సిందే.

ఇక డబ్బు లెక్క. మొదటి 10 రౌండ్లలో (రౌండంటే జట్లన్నీ ఒక వంతు ఎంచుకోవడం) ఒక్కో ఎంపికకు సంతకపు బోనస్‌గా ఒక ధర కట్టి, అన్నీ కూడి జట్టు చేతికి ఒక సంచి ఇస్తారు. దానికి మించి 5 శాతం దాటితే పన్నుతో పాటు వచ్చే ఏటి మొదటి రౌండు ఎంపిక కూడా గోవిందా. ఒకడి దగ్గర మిగిల్చింది ఇంకొకడికి పెట్టొచ్చు. సంతకం చేయనివాడి వాటా మాత్రం సంచిలోంచే మాయమవుతుంది. చిక్కంతా ఇక్కడే ఉంది.

2014లో హ్యూస్టన్ ఆస్ట్రోస్ జట్టు ఆ ఏటి మొట్టమొదటి ఎంపికగా హైస్కూలు పిచర్ (బంతి విసిరే ఆటగాడు) బ్రేడీ ఐకెన్‌ను తీసుకుంది. ఆ స్థానం ధర 79,22,100 డాలర్లు, మాట కుదిరింది 65 లక్షలకు. మిగిలే 14 లక్షల పైచిలుకే ఐదో రౌండు కుర్రాడు జేకబ్ నిక్స్‌కు ఒప్పుకున్న 15 లక్షలకు ఆసరా. ఈలోగా ఐకెన్ మోచేతి మీద వైద్యులకు అనుమానం వచ్చింది. బేరం 31 లక్షల 68 వేల చిల్లరకు దిగింది. ఆ అంకె గాల్లోంచి ఊడిపడలేదు, ధరలో సరిగ్గా 40 శాతం. అంత ఇస్తామంటే చాలు, కుర్రాడు కాదన్నా మరుసటేడు రెండో ఎంపిక జట్టుకు పరిహారంగా వస్తుంది. గడువు చివర్లో 50 లక్షల దాకా వెళ్లారు గానీ సంతకం పడలేదు. సంచిలోంచి 79 లక్షలు ఎగిరిపోయాయి, వాటితో పాటే నిక్స్ ఒప్పందమూ పోయింది. పరిహారపు ఎంపికలో ఆస్ట్రోస్‌కు అలెక్స్ బ్రెగ్మన్ దొరికాడు. 2015 మార్చిలో ఐకెన్ మోచేతికి శస్త్రచికిత్స జరిగింది. అతను మేజర్ లీగ్ గడప తొక్కనేలేదు. వైద్యుల అనుమానం నిజమే, ఒప్పుకుంటాం. మధ్యలో నిక్స్ చేసిన నేరమేమిటో తమరే సెలవివ్వాలి.

అమ్మ వైపు భారతీయ మూలాలున్న కుమార్ రాకర్‌ను 2021లో న్యూయార్క్ మెట్స్ 10వ ఎంపికగా తీసుకుని, వైద్య పరీక్ష చూశాక ఒప్పందమే ఇవ్వలేదు. తాంబూలాలు పుచ్చుకుని పెళ్లికొడుకుకి ఎక్స్‌రే తీయించినట్టు! మెట్స్‌కు మరుసటేడు 11వ ఎంపిక పరిహారంగా దక్కింది. కుర్రాడికి దక్కింది ఖాళీ ఏడాది. 2022లో టెక్సస్ రేంజర్స్ అతణ్ణే 3వ ఎంపికగా తీసుకుంది.

సంతకం పడ్డాకైనా సుఖమా? మేజర్ లీగ్‌లో 172 రోజులుంటే ఒక ఏడాది సర్వీసు, అలాంటివి ఆరు నిండితేనే నచ్చిన జట్టుకు పోయే స్వేచ్ఛ. 2013లో రెండో ఎంపికైన క్రిస్ బ్రయంట్‌ను చికాగో కబ్స్ 2015 సీజన్ మొదటి పన్నెండు రోజులు కింది మెట్టైన మైనర్ లీగ్‌లోనే కూర్చోబెట్టింది. సీజన్ చివరికి లెక్క 171. ఆ ఒక్క రోజు అతని స్వేచ్ఛను ఏడాది వెనక్కి నెట్టింది. ఫిర్యాదు చేస్తే 2020లో కొట్టేశారు.

మైక్ పియాజా సంగతి తమరికి గుర్తుండాలి. 1988లో 62వ రౌండు, 1390వ పేరు, అదీ తండ్రి స్నేహితుడు, డాడ్జర్స్ జట్టు మేనేజర్ టామీ లసోర్డా మాట సాయంతో. తర్వాత 427 హోమ్‌రన్లు, ఆ ఆటలో మహామహులకు దక్కే హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు. తమరిప్పుడు 20 రౌండ్లకే దుకాణం కట్టేస్తున్నారు కాబట్టి ఇలాంటి పరువునష్టం మళ్లీ జరగదు.

అన్నట్టు, తమరు పేరు చదవని కుర్రాడు రమ్మన్న జట్లలో నచ్చినదాన్ని తనే ఎంచుకోవచ్చు. ఈ వెసులుబాటు మొదటి ఎంపికకు కూడా లేదు. 2020లో 5 రౌండ్లే పెట్టి వందలమందిని ఇలా స్వేచ్ఛగా వదిలేశారు, ఒక్కొక్కరికి 20 వేల డాలర్లకు మించి బోనస్ ఇవ్వకూడదని కట్టడి చేసి మరీ.

ఇట్లు,
ఎంపిక కాని తమరి విధేయుడు