పికప్ మాయ

బెంగళూరులో ఎవరూ అబద్ధం చెప్పరు. చెప్పాల్సిన అవసరమే లేదు, పికప్ ఉంది కదా.

శుక్రవారం రాత్రి మారతహళ్ళి బ్రిడ్జి దగ్గరికెళ్ళి చూడండి. నెల్లూరు, గుంటూరు, విజయవాడ బస్సుల కోసం సగం ఆంధ్రా బ్యాగులు తగిలించుకుని అక్కడే నిలబడి ఉంటుంది. తొమ్మిదింబావుకి అన్న పికప్ పదిన్నరైనా రాదు. డ్రైవరు ఫోన్ పికప్ చెయ్యడు. పొరపాటున చేస్తే, "సిల్క్ బోర్డు దగ్గర పికప్ అవుతోంది సార్, అది దాటితే బండి పికప్ అందుకుంటుంది" అంటాడు. ఒకే మాటలో రెండు పికప్‌లు, దేని అర్థం దానిదే, ఇక ఏం పట్టుకుని పోట్లాడతాం?

ఇది మన ఒక్కళ్ళ గోడు కాదు. పిక్ వెనక అప్ లాగా, ఇంగ్లీషులో క్రియ వెనక చిన్న ముక్క తగిలించి అర్థం మార్చేసే ఈ అలవాటే పరాయివాళ్ళని అన్నిటికంటే ఎక్కువ తిప్పలు పెడుతుందని శామ్యూల్ జాన్సన్ 1755లోనే తన ఇంగ్లీషు నిఘంటువు ముందుమాటలో ఒప్పేసుకున్నాడు. 1925లో లోగన్ పియర్సాల్ స్మిత్ అనే రచయిత దీన్ని ఫ్రేజల్ వెర్బ్ అన్న పేరుతో పుస్తకానికెక్కించాడు. రోగానికి పేరైతే పెట్టారు గానీ మందు సంగతి ఎవరూ ఎత్తలేదు.

పికప్ అంటే కింద పడినది తీయడం. అక్కడితో ఆగిందా? పిల్లాణ్ణి స్కూల్నించి తెచ్చుకోవడం, జలుబు అంటించుకోవడం, కన్నడం నాలుగు ముక్కలు పట్టుబడడం, వ్యాపారం పుంజుకోవడం, హోటల్లో అందరి బిల్లూ ఒక్కడే కట్టడం (ఈ అర్థం మా బ్యాచ్‌లో ఇంకా వాడుకలోకి రాలేదు), పబ్బులో ముక్కూమొహం తెలియని అమ్మాయిని మాటల్లో పెట్టడం, పోలీసులు ఎత్తుకెళ్ళడం. ఈ చివరి రెంటికీ మధ్య దూరం ఒక్కోసారి చాలా తక్కువ.

ఇక ఆఫీసుల్లో దీని విశ్వరూపం. మీటింగు చివర మేనేజరు "దీన్ని నెక్స్ట్ వీక్ పికప్ చేద్దాం" అన్నాడంటే ఆ పనికి నీళ్ళొదిలేసినట్టే. కొత్తగా చేరిన కడప కుర్రాడొకడు అది నిజమే అనుకుని, శని ఆదివారాలు కూర్చుని పూర్తి చేసి సోమవారం పొద్దున్నే చూపిస్తే, "నిన్నెవరు పికప్ చెయ్యమన్నారు?" అన్నారట. జీతం హైక్ మాటెత్తితే మార్కెట్ పికప్ అవ్వనీ అంటారు. ఆ మార్కెట్టేమో హౌస్ ఓనరు అద్దె పెంచే నెలలో మాత్రమే ఠంచనుగా పికప్ అవుతుంది.

కాబట్టి ప్రభుత్వం వారికి సవినయ విన్నపం. ఇకమీదట పికప్ అన్న ప్రతివాడూ దేన్ని, ఎవరు, ఎన్నింటికి అన్నది స్టాంపు పేపరు మీద రాసి సంతకం పెట్టాలి. స్నేహితులందరూ ఒప్పుకున్నారు. పేపరు ఖర్చు ఎవరు పికప్ చేస్తారన్న దగ్గర చర్చ వచ్చే వారానికి వాయిదా పడింది.