చెప్పేటప్పుడు మందు, అమ్మేటప్పుడు ఆహారం

పుట్టిన ప్రతి బిడ్డకూ రోజుకు 400 ఐయూల (విటమిన్లను కొలిచే అంతర్జాతీయ యూనిట్లు) విటమిన్ డి పట్టించాలని ఆసుపత్రి నుంచి ఇంటికి పంపేటప్పుడే చెబుతారు. బాలింత సరేనంటుంది. అసలు టెన్షన్ సీసా మూత తీశాక మొదలవుతుంది. ఈ సీసాలో ఒక మిల్లీలీటరుకు 400. ఆన్‌లైన్‌లో తెప్పించిన మరో సీసాలో ఒక్క చుక్కకే 400. ఇంకో కంపెనీది అర మిల్లీలీటరుకు. సీసాలు చూడటానికి ఒకేలా ఉంటాయి, పేర్లు ఒకేలా ఉంటాయి, డ్రాపర్లూ అంతే. నిద్రలేని తల్లో, తండ్రో పాత సీసా డ్రాపర్‌ను కొత్త సీసాలో ముంచి నిండా లాగితే? మిల్లీలీటరుకు ఇరవై, ముప్ఫై చుక్కలు ఉంటాయి. చుక్కకు 400 ఉన్న సీసా అయితే మూడు, నాలుగు వారాల మోతాదు ఒక్క పూటలో బిడ్డ కడుపులోకి పోతుంది. మర్నాడు మళ్లీ అంతే. ఎవరో ఒకరు గమనించేదాకా రోజూ అంతే.

ఇది మేము కూర్చుని ఊహించిన ప్రమాదం కాదు. ఇలాంటి కేసులు వైద్య పత్రికల్లో ఏళ్ల తరబడి అచ్చవుతూనే ఉన్నాయి. కొన్ని డ్రాపర్లలో 400 ఐయూల కంటే ఎక్కువ మందు పడుతోందని అమెరికాలో ఆహారాన్నీ మందులనూ నియంత్రించే సంస్థ ఎఫ్‌డీఏ 2010 జూన్‌లోనే హెచ్చరించింది. అంతకు మించి పట్టని డ్రాపర్లనే ఇవ్వాలని కంపెనీలను కోరింది. 2021 జనవరిలో ఫ్రాన్స్ ఆరోగ్య సంస్థలు అదే పాట పాడాల్సి వచ్చింది. అక్కడ ఫుడ్ సప్లిమెంట్ల పేరుతో అమ్ముతున్న కొన్ని సీసాల్లో ఒక్క చుక్కలో 10,000 ఐయూల దాకా ఉంది. అంటే 25 రోజుల మోతాదు ఒక్క చుక్కలో! పసిపిల్లలు రక్తంలో కాల్షియం పెరిగి ఆసుపత్రుల పాలయ్యాక, మందుగా అనుమతి ఉన్నదాన్నే వాడండి, సప్లిమెంట్లు వద్దు అని తల్లిదండ్రులకు చెప్పారు. రెండు హెచ్చరికల మధ్య పదేళ్లు దాటాయి. సీసా మారలేదు, పొరపాటూ మారలేదు.

విటమిన్ డి అవసరమే లేదని మేము అనడం లేదు. ఆ వాదన వందేళ్ల కిందటే తేలిపోయింది. పొగ కమ్మిన పారిశ్రామిక నగరాల్లో పిల్లల కాళ్లు దొడ్డికాళ్లయి వంగిపోతుంటే కారణం తెలియక వైద్యులు తలలు పట్టుకున్న రోజులున్నాయి. మొదటి ప్రపంచయుద్ధం ముగిశాక వియన్నాలో బ్రిటిష్ శాస్త్రవేత్త హారియెట్ చిక్ బృందం కాడ్ చేప నూనె గానీ, ఎండ గానీ ఈ జబ్బును, అంటే విటమిన్ డి లోపంతో ఎముకలు మెత్తబడే రికెట్స్‌ను, నయం చేస్తుందని పిల్లల వార్డుల్లోనే చూపించింది. తల్లిపాలు ఎంత శ్రేష్ఠమైనా వాటిలో ఈ విటమిన్ చాలా తక్కువ. లీటరుకు వంద ఐయూలు కూడా ఉండవు. ఎండలో పడుకోబెడదామంటే, ఆరు నెలల్లోపు బిడ్డ లేత చర్మాన్ని నేరుగా ఎండకు గురిచేయవద్దని అదే వైద్యులు చెబుతారు. నల్లని చర్మానికి అదే ఎండలో విటమిన్ నెమ్మదిగా తయారవుతుంది. లోపం ముదిరితే ఎముకలు వంగడంతో ఆగదు. కాల్షియం పడిపోయి ఫిట్స్ వస్తాయి, కొందరు పసివాళ్లలో గుండె కండరమే బలహీనపడుతుంది. అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ 2003లో 200 ఐయూలు చాలని, 2008లో 400 కావాలని అంది. వివిధ దేశాల నిపుణులు కలిసి 2016లో ప్రకటించిన ఏకాభిప్రాయం కూడా ఏడాది నిండేవరకు ప్రతి బిడ్డకూ 400 అనే చెప్పింది, తల్లిపాలు తాగినా డబ్బా పాలు తాగినా. (ఈ 400 అంకెకు మూలం ఒక టీ చెంచా కాడ్ చేప నూనె. అందులో దాదాపు అంతే ఉండేది, పిల్లలకు రికెట్స్ రాకుండా అది సరిపోయేది.)

ఇంతవరకు ఎవరితోనూ మాకు పేచీ లేదు. మా కోపం ఆ తర్వాతి అడుగు మీద.

పుట్టిన ప్రతి బిడ్డకూ, ఏడాది పొడవునా, రోజూ తప్పకుండా ఇవ్వాల్సిందని చెప్పే పదార్థం మందు కాకపోతే మరేమిటి? టీకా తర్వాత ఇంతమంది పసిపిల్లలకు ఇంత క్రమంగా సిఫారసు చేసేది ఇంకొకటి ఉందా? సిఫారసు చేసేటప్పుడు దాన్ని మందనే అంటారు. డాక్టర్ చీటీ రాస్తాడు, నర్సు గుర్తు చేస్తుంది, ఇవ్వని తల్లిని నిర్లక్ష్యపు తల్లిగా చూస్తారు. అదే పదార్థం అంగడికి వచ్చేసరికి చాలాచోట్ల ఫుడ్ సప్లిమెంట్ అయిపోతుంది. అంటే ఆహారం. మందుకు ఉండే ముందస్తు అనుమతి దానికి అక్కర్లేదు. అమెరికాలో 1994 చట్టం ప్రకారం సప్లిమెంట్లు అమ్మకానికి రావడానికి ఎఫ్‌డీఏ ఆమోదం అవసరమే లేదు. సీసాలో ఎంత గాఢత ఉండాలో, డ్రాపర్ ఎంత పట్టాలో కంపెనీ ఇష్టం. లేబుల్ మీద రాసినంత లోపల ఉందా అన్నది అమ్మకానికి ముందు ఎఫ్‌డీఏ చూడదు. 2013లో అచ్చయిన ఒక పరిశీలనలో దుకాణాల్లో కొన్నవీ, ఫార్మసీలు తయారుచేసి ఇచ్చినవీ కలిపి విటమిన్ డి మాత్రల్లో లేబుల్ మీద రాసిన దానిలో 9 శాతం మొదలు 146 శాతం దాకా తేలింది. అవి పెద్దల మాత్రలు, నిజమే. ఆరడుగుల మనిషి తట్టుకుంటాడు. మూడు కిలోల బిడ్డ సంగతేమిటి?

మందుకూ ఆహారానికీ మధ్య ఈ గీత ఎంత తేడా తెస్తుందో ఫ్రాన్స్‌లోనే చూడొచ్చు. 2016 డిసెంబరులో అక్కడ పది రోజుల పసికందు పిపెట్‌తో విటమిన్ డి వేస్తుండగా ఊపిరాడక చనిపోయింది. తప్పు విటమిన్‌ది కాదు, వేసే తీరుది. అది అనుమతి పొందిన మందు కాబట్టి దాని మీద అధికారం ఉన్న సంస్థ ఉంది, ఆ సంస్థ కొద్ది వారాల్లోనే, 2017 జనవరిలో, దాని అమ్మకాన్ని నిలిపివేసింది. ముందే హెచ్చరికలుండగా అంతదాకా ఎందుకు ఆగారన్న ప్రశ్న వేరు. కానీ కనీసం అడగడానికి ఒక తలుపు ఉంది. సప్లిమెంట్ సీసా దగ్గరకు వస్తే ఏ తలుపు తట్టాలి? మందుల శాఖ అది ఆహారం అంటుంది. ఆహార శాఖ మోతాదు సంగతి డాక్టర్‌ను అడగమంటుంది. డాక్టర్ లేబుల్ చూడమంటాడు. లేబుల్ మీద మళ్లీ ‘మీ వైద్యుణ్ణి సంప్రదించండి’ అని ఉంటుంది.

మోతాదు మించితే ఏమవుతుందో తెలియక కాదు. విటమిన్ సి లాగా ఇది మూత్రంలో కొట్టుకుపోయేది కాదు. కొవ్వులో కరిగి, ఒంట్లో నిల్వ ఉండి, వారాల తరబడి పనిచేస్తూనే ఉంటుంది. బిడ్డ పాలు తాగదు, వాంతులు చేసుకుంటుంది, మలబద్ధకం, ఊరికే నీరసం, బరువు పెరగదు. ఏ పసిబిడ్డకైనా వచ్చే లక్షణాలే కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. ఈలోగా కిడ్నీల్లో కాల్షియం పేరుకుంటుంది. తొలి ఆరు నెలల్లో రోజుకు 1,000 ఐయూలు, తర్వాతి ఆరు నెలల్లో 1,500 మించరాదని అమెరికా వైద్య సంస్థ 2010లో పరిమితి పెట్టింది. చుక్కల సీసాలో డ్రాపర్ పొరపాటు జరిగితే ఆ పరిమితి దాటడానికి ఒక్క పూట చాలు.

ఒకసారి కాలిన చెయ్యి కూడా ఇది. రెండో ప్రపంచయుద్ధం తర్వాత బ్రిటన్‌లో పాలపొడిలో విటమిన్ డి కలిపారు, పిల్లల ఆహారంలో కలిపారు, పైన కాడ్ నూనె పంచారు. ఒక్కొక్కటి మంచిదే. అన్నీ కలిసి కొందరు పిల్లలకు రోజుకు 4,000 ఐయూల దాకా చేరాయి. ఏం కలుపుతున్నారో విడివిడిగా అందరికీ తెలుసు, మొత్తం ఎంతవుతోందో చూసే పని మాత్రం ఎవరిదీ కాలేదు. 1950లలో పసిపిల్లలు కాల్షియం పెరిగి జబ్బుపడటం మొదలయ్యాక, 1957లో మోతాదులు తగ్గించారు. అదే మోతాదు అందరు పిల్లలకూ పడినా కొందరికే ఎందుకు వికటించిందన్నదానికి ఒక జవాబు 2011లో దొరికింది. విటమిన్ డిని విరగ్గొట్టే ఎంజైమ్ జన్యువులో పుట్టుకతోనే లోపమున్న పిల్లలుంటారు. వాళ్లు చూడ్డానికి మామూలుగానే ఉంటారు. అంటే ఏ బిడ్డకు ఎక్కువ మోతాదు ప్రాణాంతకమో ముందుగా ఎవరూ చెప్పలేరు. అలాంటప్పుడు కొలతలో పొరపాటుకు చోటివ్వకపోవడం తప్ప వేరే రక్షణ ఏముంది?

ఇలాంటి కేసులు అరుదు, వీటి గురించి గట్టిగా మాట్లాడితే భయపడి అసలు చుక్కలే మానేస్తారు, నిబంధనలు బిగిస్తే ఖరీదు పెరుగుతుంది అనేవారున్నారు. మొదటి మాటలో నిజముంది. కానీ భయపెడుతున్నది పత్రికలు కాదు, ఒక్కో సీసాకు ఒక్కో లెక్క పెట్టినవాళ్లు. లెక్క అర్థం కాని తల్లి రెండింటిలో ఒకటి చేస్తుంది: ఎక్కువ వేస్తుంది, లేదా సీసా పక్కన పెట్టేస్తుంది.

ఇక ఖర్చు మాట. పిల్లల జ్వరానికి వాడే పారాసిటమాల్ సిరప్ కథ ఇంతకంటే భిన్నంగా ఏమీ లేదు. అమెరికాలో పసివాళ్ల డ్రాప్స్ ఒక గాఢత, పెద్దపిల్లల సిరప్ ఇంకో గాఢత ఉండేవి. ఆ గందరగోళంలో కాలేయాలు పాడైన పిల్లలున్నారు. 2011లో కంపెనీలే ముందుకొచ్చి రెండింటినీ 5 మిల్లీలీటర్లకు 160 మిల్లీగ్రాముల చొప్పున ఒకే గాఢతకు మార్చాయి. ఏ కంపెనీ మూతపడలేదు. విటమిన్ డికి వచ్చేసరికి అదే పని ఎందుకు చేయలేరు? చేయలేక కాదు. ‘మా దాంట్లో ఒక్క చుక్క చాలు’ అన్నది డబ్బా మీద ప్రచారం, దాన్ని వదులుకోవడం ఇష్టం లేదు. ఆహారం అన్న ముసుగు ఉన్నంతకాలం వదులుకోమని గట్టిగా అడిగేవాళ్లూ లేరు.

లేబుల్ సంగతి సరేసరి. డాక్టర్ చీటీలో ఐయూలు, సీసా మీద మైక్రోగ్రాములు. 10 మైక్రోగ్రాములంటే 400 ఐయూలని ఎంతమందికి తెలుసు? ‘రోజుకు 1 ఎంఎల్’ అని మాత్రమే రాసి, ఏ గాఢతో రాయని చీటీలకు వైద్యులు కూడా జవాబు చెప్పాలి. ఏ సీసా కొంటారో తెలియకుండా మిల్లీలీటర్లు రాయడమంటే కళ్లు మూసుకుని మందు పొయ్యడమే.

పసిబిడ్డల విటమిన్ డి ఎక్కడ అమ్మినా మందుగానే అమ్మాలి. గాఢత ఒక్కటే ఉండాలి. డ్రాపర్ సీసాకే అతికి ఉండి, 400 ఐయూల గీత దగ్గర ఆగాలి, అంతకు మించి పట్టకూడదు. లేబుల్ మీద ఐయూలు పెద్ద అక్షరాల్లో ఉండాలి. ఇందులో ఏదీ పరిశోధన కోసం ఎదురుచూడాల్సింది కాదు. 2010లోనే డ్రాపర్ గురించి ఎఫ్‌డీఏ రాసిన కాగితం ఉంది. దాన్ని సలహాగా రాసి వదిలేసినవాళ్లు, చదివి పక్కన పెట్టినవాళ్లు, ఈ పదిహేనేళ్లలో ప్రతి బాలింతకూ ‘చుక్కలు మర్చిపోకండి’ అని మాత్రం మర్చిపోకుండా చెబుతూనే ఉన్నారు. చుక్క ఎంతో చెప్పే బాధ్యత తీసుకోనివాళ్లకు, రేపు డ్రాపర్ తప్పుగా నింపిన తల్లిని ‘లేబుల్ చదవలేదా?’ అని అడిగే నోరు ఎక్కడిది?