ఫోటోకి తప్ప ఇంటికి పనికిరాని ఫర్నిచర్

హాల్లోకి ఏదైనా మంచి సామాను కొందామని ఫోన్‌లో వెతికితే అన్నీ తెల్ల సోఫాలు, గాజు టీపాయ్‌లే, పిల్లాడు పులిహోర చేత్తో ఎక్కితే ఆ పసుపు మరక ఎవరు వదిలించాలి? పైగా చెక్క అని అమ్మేది చాలాసార్లు పార్టికల్ బోర్డు, అంటే చెక్క పొట్టుని జిగురుతో అదిమిన పలక. మా టీవీ యూనిట్‌కి ఇల్లు తుడిచిన నీళ్లు తగిలీ తగిలీ అడుగంతా ఉబ్బి, అంచున అతికించిన పట్టీ ఊడిపోయింది.

అలంకరణకేమో ఎక్కడ చూసినా అవే ప్లాస్టిక్ మొక్కలు. అంకుడు కర్రకి లక్క రంగులద్దే ఏటికొప్పాక బొమ్మలు, పొణికి కర్రతో చేసే కొండపల్లి బొమ్మలు మనకే ఉన్నాయి కదా, వాటితో హాలు సర్ది ఒక్క ఫోటో పెట్టరేం? అమ్మమ్మ పట్టుకుని లేవడానికి గట్టి చేతులున్న కుర్చీ, అదీ అందంగా ఉండేది, ఒక్కటి చూపించండి చాలు!