వంద రూపాయల స్టాంపు పేపరుతో ఇల్లు పేరు మారదు

కుటుంబాల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరుగుతూనే ఉంటుంది. దాని సారం ఇదీ: తల్లిదండ్రుల ఇల్లు పిల్లల పేరు మీదికి మార్చడానికి లాయరూ వద్దు, రిజిస్ట్రేషనూ వద్దు. వంద రూపాయల స్టాంపు పేపరు మీద రాసుకుని నోటరీ చేయిస్తే చాలు. మున్సిపాలిటీలో పేరెక్కితే ఇల్లు మీదే. మనసు మారితే రద్దు చేసుకోవచ్చు. ఇంట్లోవాళ్ల మధ్య వ్యవహారం కాబట్టి పన్నులుండవు.

లాయరు వద్దన్నంతవరకు నిజం, మిగతాదంతా కాదు. ఆ ఒక్క నిజం వల్లే మెసేజ్ మొత్తాన్ని జనం నమ్మేస్తున్నారు.

"లాయరు అక్కర్లేదు." నిజంగానే అక్కర్లేదు. ఆంధ్రప్రదేశ్‌లోనైనా తెలంగాణలోనైనా ఆస్తి యజమాని తన దస్తావేజు తానే రాసుకోవచ్చు. డాక్యుమెంట్ రైటర్ కూడా తప్పనిసరి కాదు. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్లలో నమూనా దస్తావేజులుంటాయి, మార్కెట్ విలువ, చెల్లించాల్సిన స్టాంపు డ్యూటీ అక్కడే చూసుకోవచ్చు, వివరాలు ముందే నమోదు చేసి స్లాట్ తీసుకోవచ్చు. కానీ మెసేజ్ రాసినవాళ్లు లాయరుతో పాటు సబ్ రిజిస్ట్రారును కూడా తీసేశారు.

"స్టాంపు పేపరు మీద రాసి నోటరీ చేయిస్తే చాలు." చాలదు. స్థిరాస్తిని దానంగా ఇవ్వాలంటే దస్తావేజు మీద ఇచ్చేవారి సంతకం, కనీసం ఇద్దరు సాక్షుల సంతకాలు, ఆపైన రిజిస్ట్రేషన్ ఉండి తీరాలని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 123వ సెక్షన్ చెబుతుంది. ఆస్తి విలువ ఎంత తక్కువైనా రిజిస్ట్రేషన్ తప్పదని 1908 రిజిస్ట్రేషన్ చట్టం 17వ సెక్షన్ అంటుంది. నోటరీ ముద్రకు ఆ స్థానం లేదు. అలాంటి కాగితంతో హక్కు రాదు, కోర్టులో హక్కుకు సాక్ష్యంగా పనికిరాదు, బ్యాంకు దాని మీద అప్పివ్వదు. సంతకం పెట్టిన నాటి నుంచి నాలుగు నెలల్లోపు రిజిస్ట్రేషన్‌కు దాఖలు చేయాలి. దాటితే జరిమానాతో ఇంకో నాలుగు నెలలు. ఆ తర్వాత కొత్త దస్తావేజు రాయాల్సిందే, అప్పటికి ఇచ్చేవారు బతికుంటే. మంచం పట్టిన పెద్దవాళ్లను ఆఫీసుకు మోసుకెళ్లనక్కర్లేదు. ఫీజు కట్టి దరఖాస్తు చేస్తే అధికారే ఇంటికి వచ్చి రిజిస్టర్ చేసే వీలుంది.

దీనికి రెండు మినహాయింపులున్నాయి. ముస్లిం కుటుంబాల్లో హిబా, అంటే వాళ్ల మత చట్టం ప్రకారం చేసే దానం: ఇస్తున్నానని చెప్పడం, పుచ్చుకోవడం, స్వాధీనం చేయడం మూడూ జరిగితే నోటిమాటగానైనా చెల్లుతుంది. రెండోది, ఇదివరకే నోటిమాటగా జరిగిన కుటుంబ పంపకాన్ని జ్ఞాపకార్థం రాసుకున్న కాగితం. దానికి రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. ఆ కాగితంతోనే పంపకం జరుగుతుంటే మాత్రం కావాలి. ఆడపిల్లల వాటా తప్పించడానికి 'ఎప్పుడో నోటిమాటగా పంచేసుకున్నాం' అని చెప్పే దారిని 2020లో సుప్రీంకోర్టు దాదాపు మూసేసింది.

అసలు నష్టం జరిగేది దస్తావేజు ఎంపికలో. మెసేజ్‌లో దాని ఊసే లేదు. తండ్రి స్వార్జిత (సొంత సంపాదనతో కొన్న) ఇల్లు కొడుక్కో కూతురికో ఇవ్వాలంటే దాన సెటిల్‌మెంట్ దస్తావేజు. తండ్రి పోయాక వారసులంతా కలిసి విడివిడిగా పంచుకోవాలంటే పంపకాల దస్తావేజు. వారసుల్లో చెల్లెలు తన వాటాను అన్నకు వదులుకుంటే హక్కు విడుదల దస్తావేజు. ఈ మూడోది ఇప్పటికే ఆస్తిలో భాగస్వాములైనవారి మధ్యే పనికొస్తుంది. డ్యూటీ తక్కువని విని, తండ్రి స్వార్జితంలో ఏ హక్కూ లేని కొడుకు పేరున విడుదల దస్తావేజు రాయిస్తే అది విడుదలగా నిలవదు. అలాగే దాన దస్తావేజులో 'బదులుగా అయిదు లక్షలు ఇచ్చినందున' అని ఒక ముక్క రాస్తే అది దానం కాదు. ప్రతిఫలం ఉంటే క్రయమే, దానికి రెండు రాష్ట్రాల్లోనూ స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, ఫీజు కలిపి 7.5 శాతం, అంటే 40 లక్షల ఇంటికి మూడు లక్షలు. కుటుంబ సభ్యులకిచ్చే సెటిల్‌మెంట్‌కు ఇంతకంటే చాలా తక్కువ. అయితే ఆ తక్కువ రేటుకు 'కుటుంబం' అంటే ఎవరో స్టాంపు చట్టంలో జాబితా ఉంది. కోడలో మేనల్లుడో సొంతవాళ్లే కదా అనుకుని చలానా కట్టకండి, ముందే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో అడగండి. ఇక పిత్రార్జితమైతే, విభజన కాని ఉమ్మడి ఆస్తిని తండ్రి ఒక్కడే ప్రేమకొద్దీ ఒక బిడ్డకు దానం చేస్తే అది చెల్లదు.

"మనసు మారితే రద్దు చేసుకోవచ్చు." ఇది అన్నిటికంటే ప్రమాదకరమైన మాట. రిజిస్టరైన దానం పుచ్చుకున్నాక ఇచ్చినవారి ఇష్టం మీద వెనక్కి రాదు. అరవై దాటిన తల్లిదండ్రులకు 2007 నాటి వృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 23వ సెక్షన్ ఒక దారి ఇచ్చింది: చూసుకోవాలన్న షరతుతో ఆస్తి రాసిచ్చాక చూసుకోకపోతే, ఆ బదిలీ చెల్లదని ప్రకటించమని ట్రిబ్యునల్‌ను అడగొచ్చు. మన దగ్గర ఆర్డీవో ముందుకెళ్లాలి. షరతు ఉన్నట్టు చూపాలని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. 2025 జనవరిలో అదే సెక్షన్‌ను వృద్ధులకు అనుకూలంగా ఉదారంగా చూడాలంది. కాబట్టి పోషణ షరతును దస్తావేజులోనే స్పష్టంగా రాయాలి. తాము బతికున్నంతకాలం ఇంట్లో ఉండే హక్కు, అద్దె తీసుకునే హక్కు అట్టిపెట్టుకుంటున్నామని కూడా రాయొచ్చు. స్వాధీనం ఇవ్వనంతమాత్రాన దానం చెల్లకుండా పోదని 2014లో సుప్రీంకోర్టే తేల్చింది. వెనక్కి తీసుకునే వీలు నిజంగా కావాలనుకునేవారికి తగినది వీలునామా. దానికి స్టాంపు డ్యూటీ లేదు, రిజిస్ట్రేషన్ ఐచ్ఛికం, ఇద్దరు సాక్షులు చాలు, ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. మెసేజ్‌లో చెప్పిన సౌకర్యాలన్నీ ఉన్నది దీనికే, ఒక్క తేడా ఏమిటంటే ఆస్తి ఇప్పుడే రాదు.

"ఇంటిపన్ను ఎవరి పేరునుంటే వారిదే ఇల్లు." కాదు. మ్యుటేషన్, అంటే రికార్డుల్లో పేరు మార్పు, పన్ను వసూలు కోసం. హక్కు దస్తావేజుతో వస్తుంది, పేరు మార్పు దాని వెనక రావాలి. పొలాల విషయంలో తెలంగాణలో రిజిస్ట్రేషన్, మ్యుటేషన్ రెండూ భూభారతి అనే ప్రభుత్వ భూరికార్డుల పోర్టల్ ద్వారా తహసీల్దారు దగ్గరే జరుగుతాయి. ఇళ్లు, స్థలాలకు సబ్ రిజిస్ట్రార్ దగ్గరికే వెళ్లాలి.

"పన్నులుండవు." దగ్గరి బంధువు దానమిస్తే పుచ్చుకున్నవారికి ఆదాయపు పన్ను లేదు, నిజమే. కానీ ఆ బంధుత్వం రెండువైపులా ఒకేలా పనిచేయదు. మేనమామ మేనల్లుడికిస్తే పన్ను లేదు. మేనల్లుడు మేనమామకిస్తే, స్టాంపు విలువ 50,000 దాటితే మొత్తం ఆయన ఆదాయమే. పెదనాన్న పిల్లలు పన్ను చట్టం చెప్పే దగ్గరి బంధువుల జాబితాలో లేరు. భార్యకో కోడలికో ఇచ్చిన ఇంటి అద్దె ఇచ్చినవారి ఆదాయంలోనే కలుస్తుంది. రేపు అమ్మితే లాభం లెక్కకు పెద్దలు కొన్న ధరే తీసుకుంటారు, అందుకే వాళ్ల పాత దస్తావేజు పారేయకండి.

సొంతంగా రాసుకునేవారు తప్పు చేసేది ఎక్కువగా షెడ్యూల్లో, అంటే దస్తావేజులో ఆస్తి వివరాలు రాసే భాగంలో. పాత లింకు దస్తావేజు (ఆస్తి ఇచ్చేవారికి ఎలా వచ్చిందో చూపే దస్తావేజు)లోని సర్వే నంబరు, విస్తీర్ణం, నాలుగు హద్దులు అక్షరం పొల్లుపోకుండా దించాలి. ఫ్లాటయితే భూమిలో అవిభాజ్య వాటా గజాల్లో రాయాలి. ఆధార్‌లో ఒక పేరు, పాత దస్తావేజులో ఇంకో పేరు ఉంటే ఇద్దరూ ఒకరేనని దస్తావేజులోనే రాయాలి, లేకపోతే తర్వాత సవరణ దస్తావేజు తప్పదు. ముందుగా ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్) తీసి అప్పులు చూసుకోవాలి. ఇంటి కాగితాలు బ్యాంకులో తాకట్టుంటే బ్యాంకు ఎన్‌వోసీ (అభ్యంతరం లేదన్న పత్రం) లేకుండా కదలొద్దు. రిజిస్ట్రేషన్ చేయకూడదని ప్రభుత్వం పెట్టిన నిషేధిత జాబితాలో సర్వే నంబరుందేమో చూడాలి. పుచ్చుకునేవారు దస్తావేజులోనే అంగీకార సంతకం పెట్టడం మంచిది. దానం ఇచ్చేవారి జీవితకాలంలోనే పుచ్చుకోవాలి.

అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉన్నవారి తరఫున ఇక్కడ ఎవరైనా సంతకం పెట్టాలంటే అక్కడి నోటరీ ముందో భారత కాన్సులేట్‌లోనో చేసిన పవరాఫ్ అటార్నీ కావాలి. అది ఇండియా చేరిన మూడు నెలల్లోపు ఇక్కడ స్టాంపు వేయించాలి. 'ఆస్తి వ్యవహారాలు చూడటానికి' అన్న మామూలు పవరుతో దానం చేయడానికి ప్రయత్నించకండి. ఏ ఆస్తిని, ఎవరికి దానం ఇవ్వడానికి అధికారమిస్తున్నారో అందులో విడిగా రాసి ఉండాలి.