సీసాన్ని తిట్టకండి, ముందు కాలిపర్స్ తీయండి

సొంతంగా పోతపోసిన బుల్లెట్లతో తూటాలు చేసుకునేవాళ్లలో ఒక జబ్బు ఉంది. బ్యారెల్‌లో సీసం అంటుకుంటోందని ఎవరైనా అనడమే ఆలస్యం, పదిమంది ఒకే మందు రాసిస్తారు: "నీ సీసం మెత్తగా ఉంది, గట్టిది వాడు." బుల్లెట్ సైజు ఎంత, బ్యారెల్ లోపలి కొలత ఎంత అని ఒక్కరూ అడగరు. నాడి పట్టుకోకుండానే మాత్ర చేతిలో పెట్టేస్తారు. ఆ మాత్ర నేనూ మింగాను, అందుకే ఇంత కోపం.

నాది 380 ఏసీపీ అనే చిన్న పిస్టల్ తూటా. జాన్ బ్రౌనింగ్ రూపకల్పన, కోల్ట్ కంపెనీ 1908లో బయటికి తెచ్చింది. కేసు, అంటే లోపల పౌడర్, మూతిలో బుల్లెట్ ఉండే డొల్ల, పొడవు 17 మిల్లీమీటర్లు, చిటికెన వేలి గోరంత ఉంటుంది. పిస్టల్ ఏమో బ్లోబ్యాక్ రకం. అంటే బ్యారెల్‌కీ, కాల్చగానే వెనక్కి జరిగే పైభాగం స్లైడ్‌కీ మధ్య తాళం లాంటిదేమీ ఉండదు. స్లైడ్ బరువూ, స్ప్రింగూ, అంతే. పెద్ద తూటాల్లో చెల్లిపోయే చిన్న చిన్న నిర్లక్ష్యాలు ఇందులో చెల్లవు. ఇది నాకు తెలిసేసరికి చాలా సీసం ఖర్చయింది.

మొదట్లో నేను చేసినవి చూడటానికి ముచ్చటగా ఉండేవి. అచ్చు వేడెక్కేదాకా వచ్చే ముడతలు పడ్డ బుల్లెట్లను మళ్లీ కుండలో పడేసి, అంచులు పదునుగా నిండినవే ఏరుకున్నాను. 0.356 అంగుళాలకు సైజు చేశాను. రాగి తొడుగున్న జాకెట్ బుల్లెట్ 0.355 కదా, సీసానిది అంగుళంలో వెయ్యో వంతు ఎక్కువుంటే చాలని అందరూ చెప్పే లెక్కే. యాభై కాల్చేసరికి కాగితం మీద గుండ్రటి రంధ్రాల బదులు తాళంచెవి కన్నాల్లాంటివి పడ్డాయి. అంటే బుల్లెట్ అడ్డంగా తిరుగుతూ వెళ్తోంది. బ్యారెల్ విప్పి వెలుతురుకి పెట్టి చూస్తే, బుల్లెట్‌ను తిప్పడానికి లోపల మెలికగా చెక్కిన గాళ్ల వెంట వెండి పూతలా సీసం. దాన్ని గోకడానికి ఒక సాయంత్రం సరిపోలేదు.

ఇక సలహాలు మొదలు. "గట్టిది, ఇంకా గట్టిది." సరే అని లైనోటైప్, అంటే పాతకాలం అచ్చు యంత్రాల్లో వాడిన గట్టి సీసం మిశ్రమం, దిమ్మలు తెచ్చి కలిపాను. ఏమీ కలపని సీసం గట్టిదనాన్ని చెప్పే బ్రినెల్ కొలతలో 5 దగ్గర ఉంటే, లైనోటైప్ 22 దగ్గర ఉంటుంది. గోరుతో గీస్తే గీత కూడా పడలేదు, నాకేమో గర్వం. ఫలితం? అదే వెండి పూత. కాస్త తగ్గిందేమో, అంతే. అసలు ఇంత తక్కువ పీడనంలో మరీ గట్టి బుల్లెట్ వ్యాకోచించి గాళ్లను నింపదు. దాని పక్కనుంచి వేడి గ్యాస్ దూసుకుపోతూ సీసాన్ని కోసేస్తుంది.

చివరికి విసుగొచ్చి, తయారైన తూటాల్లోంచి రెండు తీసి, బుల్లెట్‌ను ఊడదీసే, సుత్తిలా ఉండే పుల్లర్‌లో పెట్టి నాలుగు దెబ్బలు వేశాను. బుల్లెట్ బయటికి వచ్చింది. దాన్ని కొలిస్తే కళ్లు తిరిగాయి. కేసులోకి వెళ్లేముందు 0.356 ఉన్న మెత్తటి బుల్లెట్ బయటికి వచ్చేసరికి 0.354. గట్టిది 0.355. బ్యారెల్ లోపల ఎంతుందో చూద్దామని ఏమీ కలపని సీసం ముక్కను నూనె రాసిన గొట్టంలోంచి చెక్క పుల్లతో తోసి కొలిచాను: 0.356. అంటే ఇన్నాళ్లూ నేను కాల్చింది బ్యారెల్ కంటే సన్నటి బుల్లెట్లు! సీసం చేసిన పాపం ఏమీ లేదు.

దొంగ ఎక్కడున్నాడంటే డైలో, అంటే కేసును ఆకారానికి తెచ్చే పనిముట్టులో. కేసు మూతి వెడల్పు చేసే ఎక్స్‌పాండర్ జాకెట్ బుల్లెట్ల కోసం చేసినది, పొట్టిది, సన్నటిది. కేసు గోడ కింద మందంగా ఉంటుంది. మెత్తటి బుల్లెట్ లోపలికి దిగేకొద్దీ ఆ గోడే దాన్ని నలిపేస్తోంది. దానికి తోడు, మూతి గట్టిగా పట్టుకోవాలని క్రింప్, అంటే మూతిని లోపలికి నొక్కే నొక్కు, బిగించేవాణ్ని. ఈ తూటా ఛాంబర్‌లో, అంటే బ్యారెల్ వెనక తూటా కూర్చునే చోట, కేసు మూతి అంచు మీదే ఆగుతుంది. కాబట్టి వెడల్పు చేసిన మూతిని మళ్లీ తిన్నగా చేసేంత తేలికపాటి టేపర్ క్రింప్ చాలు. నేనేమో బాటిల్ మూత బిగించినట్టు బిగించాను.

లావు, పొడుగు ఎక్స్‌పాండర్ పెట్టి, 0.357కి సైజు చేసి, తేలికైన క్రింప్ వేశాను. మళ్లీ పుల్లర్‌తో తీసి కొలిస్తే 0.357 అలాగే ఉంది. ఈసారి పాత మెత్తటి మిశ్రమమే, చక్రాలకు వేసే సీసం బరువులకు కాస్త తగరం కలిపినది. బ్యారెల్ అద్దంలా ఉంది.

అయితే లావు పెరిగాక ఇంకో తలనొప్పి. బ్యారెల్ విప్పి తూటాను ఛాంబర్‌లో వదిలితే "టక్" మని పడాలి, వేలితో తిప్పితే తిరగాలి. నావి సగంలో ఇరుక్కున్నాయి. బుల్లెట్ భుజం గాళ్ల మొదలుకి తగులుతోంది. అప్పుడు వచ్చింది చూడండి అన్నిటికంటే ప్రమాదకరమైన సలహా: "ఏముంది, ఇంకొంచెం లోపలికి నొక్కెయ్." ఏముందా? గోరంత కేసులో బుల్లెట్ ఇంకాస్త లోపలికి పోతే పౌడర్‌కి మిగిలే చోటు ఎంత? పీడనం ఒక్కసారిగా ఎగబాకుతుంది. పెద్ద రివాల్వర్ కేసులో పట్టించుకోనవసరం లేని తేడా ఇక్కడ పెద్ద తేడా. నేను ముక్కు ఆకారం వేరేగా ఉన్న అచ్చు కొన్నాను. ఆ బుల్లెట్‌కే అచ్చయిన డేటా పుస్తకంలో చూసి, కింది అంకె నుంచి మళ్లీ మొదలుపెట్టాను.

పౌడర్ ఎంత వేశావని అడగొద్దు, చెప్పను. నా బ్యారెల్, నా బుల్లెట్, నా పొడవు మీకు లేవు. ఇక్కడ మొత్తం పౌడర్ గ్రెయిన్లలో ఒంటి అంకె దాటదు, గ్రెయిన్ అంటే 0.065 గ్రాములు. రైఫిల్ కేసులో అర గ్రెయిన్ తేడా వస్తే గుర్తించడం కూడా కష్టం, ఇక్కడ అది పెద్ద వాటా. కొన్ని పౌడర్లయితే రెండుసార్లు పోసినా పొంగిపోవు. అందుకే బుల్లెట్ పెట్టేముందు ప్రతి కేసులోకీ టార్చ్ వేసి చూస్తాను, ఇంట్లోవాళ్లు నవ్వినా సరే. "ఠప్" మనాల్సింది "తుస్" మంటే వెంటనే ఆపి, పిస్టల్ ఖాళీ చేసి, గొట్టంలో బుల్లెట్ ఇరుక్కుందేమో చూస్తాను. దాని వెనక ఇంకోటి కాలిస్తే ఏమవుతుందో పగిలిన బ్యారెళ్ల ఫొటోలు చూస్తే తెలుస్తుంది.

సీసం కరిగించేటప్పుడు వచ్చే పొగ గురించి భయపడేవాళ్లు చేతుల గురించి భయపడరు, అదీ నాకు అర్థం కాదు. సీసం 327 డిగ్రీల దగ్గర కరుగుతుంది, ఆ వేడిలో ఆవిరి తక్కువే. గాలి ఆడేచోట పోయాలి, కాదనను. కానీ ఒంట్లోకి పోయేది ఎక్కువగా తెట్టె తీసినప్పుడు లేచే దుమ్ము నుంచి, కడుక్కోని చేత్తో తిన్న తిండి నుంచి. ఇంకొకటి: తడి దిమ్మను కరిగిన సీసంలో వేయకండి. లోపలికి పోయిన నీటిచుక్క ఒక్కసారిగా ఆవిరై సీసాన్ని మొహం మీదకి చిమ్ముతుంది. నా పాత షూ మీద ఆ మచ్చలు ఇప్పటికీ ఉన్నాయి. ఆ రోజు కళ్లద్దాలు పెట్టుకున్నాను కాబట్టి సరిపోయింది.

మిగిలిన లైనోటైప్ దిమ్మలు షెడ్డులోనే ఉన్నాయి. గాలికి తలుపు కొట్టుకోకుండా రెండింటిని అడ్డం పెట్టాను. ఆ పనికి మాత్రం బ్రహ్మాండంగా గట్టిగా ఉన్నాయి.