పిల్లలు మునిగారని రాస్తాం, గుంత ఎవరిదో రాయం

వేసవి సెలవుల్లోనూ, ఈశాన్య రుతుపవనాల వానలు వెలిసిన వారాల్లోనూ చిత్తూరు, తిరుపతి జిల్లాల పత్రికల్లో ఒకే తీరు వార్త మళ్ళీ మళ్ళీ కనిపిస్తుంది: ఈతకు వెళ్ళిన పిల్లలు నీట మునిగి చనిపోయారు. చోటు ఒకసారి పాడుబడిన వ్యవసాయ బావి, ఒకసారి స్వర్ణముఖి నదిలో ఇసుక తవ్విన గుంత, మరోసారి గ్రానైట్ క్వారీ. పిల్లలు ఏ తరగతి చదువుతున్నారో, తల్లిదండ్రులు ఏ కూలికి వెళ్తారో రాస్తారు. ఆ గుంతను ఎవరు తవ్వారో, ఎందుకు అలా వదిలేశారో రాయరు. పోలీసులు భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 194వ సెక్షన్ కింద అసహజ మరణంగా కేసు నమోదు చేసి, పంచనామా, పోస్టుమార్టం జరిపించి శవాన్ని అప్పగిస్తారు. చాలాసార్లు విచారణ అక్కడితోనే ముగుస్తుంది, గుంత మాత్రం అలాగే ఉంటుంది.

పిల్లలు మాట వినరనో, తల్లి కనిపెట్టుకుని ఉండలేదనో, రాత అంతేననో సరిపెట్టుకోవడం మనకు అలవాటైపోయింది. పదేళ్ళ పిల్లవాడు నీళ్ళు చూసి ఆగలేకపోవడం ఆ వయసుకు సహజం. అమెరికా రహదారి భద్రతా సంస్థకు తొలి అధిపతిగా పనిచేసిన వైద్యుడు విలియం హాడన్, గాయాన్ని మనిషి తప్పుగా మాత్రమే చూడకుండా, ప్రమాదానికి ముందు, ఆ క్షణంలో, ఆ తర్వాత పరిసరాలు ఎలా ఉన్నాయో కూడా పరిశీలించాలని చెప్పారు. 2021లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 3 లక్షల మంది నీట మునిగి చనిపోయారని, వారిలో దాదాపు నాలుగో వంతు ఐదేళ్ళలోపు పిల్లలేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఇంతమంది పసివాళ్ళ మరణాలకు దుడుకుతనాన్ని కారణంగా చూపలేం.

మన ప్రాంతానికి వస్తే, బావుల సంగతి ముందు చెప్పుకోవాలి. మోట, ఆ తర్వాత కరెంటు మోటారు నడిచిన రోజుల్లో బావి దగ్గర పొద్దస్తమానం పెద్దలు ఉండేవారు, నడుముకు బెండు కట్టి పిల్లలకు ఈత నేర్పేవారు కూడా వాళ్ళే. బోర్లు వచ్చి భూగర్భ జలం అడుగంటాక బావులు వట్టిపోయాయి, వాటి దగ్గరికి మనుషులు వెళ్ళడం మానేశారు, మెట్లు కూలిపోయాయి. మంచి వాన పడ్డ ఏడాది అవే బావులు మళ్ళీ నిండుతాయి. ఈత నేర్పే పెద్దలు లేని తరం పిల్లలు, పట్టుకోవడానికి మెట్టు కూడా మిగలని నీళ్ళలోకి దిగుతున్నారు.

ఇసుక గుంతల ప్రమాదం వేరు. ఏడాదిలో చాలా నెలలు ఎండిపోయి ఉండే స్వర్ణముఖికి నీళ్ళు రాగానే పైకి అంతా ఒకే మట్టంగా కనిపిస్తుంది. మోకాటి లోతులో నడుస్తున్న పిల్లవాడు మరో అడుగులో నిలువు లోతులో ఉంటాడు. క్వారీ గుంతకు అంచు నిటారు రాయి కాబట్టి ఈత వచ్చినవాడికైనా పైకెక్కే దారి దొరకదు.

ఐదేళ్ళలోపు పిల్లలకు ముప్పు ఇంటి దగ్గరే, మూత లేని సంపులోనో నీళ్ళ తొట్టిలోనో ఉంటుంది. బంగ్లాదేశ్‌లో తల్లులు ఇంటిపనిలో మునిగి ఉండే ఉదయం 9 నుంచి మధ్యాహ్నం 1 గంట వరకు పసిపిల్లలను శిశు సంరక్షణ కేంద్రాల్లో ఉంచి మరణాలను బాగా తగ్గించారు. మనకు అంగన్‌వాడీలు ఇప్పటికే ఉన్నాయి; కోతల కాలంలో వాటి వేళలు తల్లుల పనివేళలకు సరిపోతున్నాయా అన్నదే అడగవలసిన ప్రశ్న.

  

వదిలేసిన బోరు బావులను అడుగు నుంచి నేలమట్టం దాకా పూడ్చాలని సుప్రీంకోర్టు 2010లోనే ఆదేశించింది. అదే కచ్చితత్వం తెరిచి ఉన్న బావులకూ, క్వారీలకూ, ఇసుక గుంతలకూ కావాలి. ప్రతి గ్రామ సచివాలయం తన పరిధిలోని గుంతలను యజమాని పేరుతో సహా జాబితా రాసి గ్రామసభలో చదవాలి. పాత క్వారీలకు కంచె వేయడానికి 2015 గనుల చట్ట సవరణతో ఏర్పడిన జిల్లా ఖనిజ ఫౌండేషన్ నిధులు వాడవచ్చు. గనుల వల్ల నష్టపోయిన ప్రాంతాల కోసమే కదా ఆ నిధి పుట్టింది.

జాబితా తయారయ్యేలోపు బడుల్లో ఇప్పుడే నేర్పగలిగినవి కొన్ని ఉన్నాయి. మునిగే పిల్లలు కేకలు వేయలేరు కాబట్టి పక్కనున్నవాళ్ళకు ఆలస్యంగా తెలుస్తుంది. తెలిశాక స్నేహితుడి కోసం దూకి మరొకరు పోవడం కూడా ఈ వార్తల్లో తరచూ కనిపిస్తుంది. దూకకుండా పంచె, చీర, కొమ్మ, ఖాళీ క్యాన్, ఏది దొరికితే అది అందించాలి. బయటికి తీశాక తలకిందులుగా పట్టుకుని తిప్పడం, పొట్ట నొక్కడం వల్ల విలువైన నిమిషాలు పోతాయి. ఊపిరి ఆడకపోతే వెంటనే నోటి ద్వారా శ్వాస ఇచ్చి, ఛాతీ మీద ఒత్తిడి మొదలుపెట్టాలి. ఆ పని ఆపకుండానే మరొకరు 108కి ఫోన్ చేయాలి.