దూరాన్ని 900తో భాగిస్తే ప్రయాణం లెక్క తేలిపోదు

బంధువుల గ్రూపులో, కాలనీ గ్రూపులో, ఆఫీసు గ్రూపులో ఎక్కడ చూసినా ఇదే మెసేజ్: 'విమాన సంస్థలు దాచే నిజాలు'. హైదరాబాద్ నుంచి చికాగోకి నేరుగా పడమరకు పోకుండా, ఉత్తరానికి చుట్టు తిప్పి చార్జీ గుంజుతున్నారట. భూమి తిరగడం వల్లే తిరుగు ప్రయాణం త్వరగా అయిపోతుందట. విమానం వేగం గంటకు 900 కి.మీ. కాబట్టి దూరాన్ని 900తో భాగిస్తే ప్రయాణ సమయం వచ్చేస్తుందట. టికెట్ మీద మాత్రం టైం కావాలనే ఎక్కువ రాస్తారట. కాబట్టి దారిలో విమానం మారేచోట గంట గ్యాప్ చాలు, రెండు టికెట్లు విడివిడిగా కొని డబ్బు మిగుల్చుకోమని సలహా.

ఆ చుట్టు సంగతి గ్లోబు మీద దారం బిగించి చూస్తే తెలిసిపోతుంది. గోడ మీది మ్యాపులో గీసిన గీత వెంట పోతే దాదాపు 16,100 కి.మీ. ఉత్తర ధ్రువం వైపు నుంచి పోతే 13,300. డబ్బు పోసి కొన్న ఇంధనాన్ని ఏ సంస్థ ఊరికే తగలబెట్టుకుంటుంది?

భూమితో పాటు గాలీ తిరుగుతుంది, అందులో ఎగిరే విమానమూ తిరుగుతుంది. తూర్పుకు వచ్చేటప్పుడు టైం కలిసొచ్చేది పది, పన్నెండు కి.మీ. ఎత్తున పడమటి నుంచి వీచే జెట్ స్ట్రీమ్ అనే బలమైన గాలి వల్ల. అమెరికాకు వెళ్లేటప్పుడు అదే ఎదురుగాలి.

ఇక ఆ భాగహారం. శంషాబాద్ నుంచి విశాఖ దాదాపు 510 కి.మీ. 900తో భాగిస్తే 34 నిమిషాలు. టికెట్ మీద గంటంబావు ఉంటుంది. రన్‌వే దాకా పాకడం, పైకెక్కడం, దిగడానికి వరుసలో ఆగడం ఎవరు లెక్కేస్తారు?

నాకు ఒళ్లు మండేది ఆ గంట గ్యాప్ సలహాకే. దీన్ని నమ్మి పిల్లలు టికెట్లు కొంటే, ఇంగ్లిష్ అంతంతమాత్రంగా వచ్చిన అమ్మానాన్నలు విమానం మారే దుబాయ్‌లాంటి చోట ఇరుక్కుంటారు. అంతర్జాతీయ విమానాలకు చెకిన్ కౌంటర్ సాధారణంగా గంట ముందే మూసేస్తారు. అంటే మొదటి విమానం దిగేసరికే రెండోదాని కౌంటర్ మూతపడి ఉంటుంది. టికెట్లు వేరైతే సామాను నేరుగా చికాగోకి పోకపోవచ్చు. బయటికొచ్చి బెల్టు దగ్గర ఆవకాయ డబ్బాల సూట్‌కేసులు దింపుకుని మళ్లీ ఇవ్వాలి, బయటికి రావడానికి ఆ దేశం వీసా కూడా అడగొచ్చు. విమానం తప్పితే రెండో సంస్థకు బాధ్యత లేదు, కొత్త టికెట్ కొనుక్కోవాల్సిందే. ఒకే టికెట్ అయితే తర్వాతి విమానంలో పంపే పూచీ వాళ్లది. అమెరికాలో ఇంకో విమానం మారాలంటే, సాధారణంగా మొదట దిగిన ఊళ్లోనే ఇమ్మిగ్రేషన్, ఆపైన సామాను తీసుకుని మళ్లీ అప్పగించడం. దానికి మూడు గంటలైనా ఉంచుకోండి. పెద్దవాళ్లను ఆ టెన్షన్‌లో పడేసి మిగుల్చుకునేది ఎంత?

మెసేజ్‌లో ఒక్క మాట మాత్రం నిజం. సంస్థలు టికెట్ మీద టైం కాస్త ఎక్కువే రాస్తాయి. ఆలస్యంగా బయల్దేరినా వేళకే దిగామని చెప్పుకోవడానికి అది పనికొస్తుంది. ఈ విషయంలో వాళ్లను నిలదీయాల్సిందే.

మీవాళ్లకు టికెట్లు ఇప్పటికే విడివిడిగా కొని ఉంటే, మధ్యలో ఎంత గ్యాప్ ఉందో ఇవాళే చూడండి.